జీలకర్ర పొట్లంలో ఫైసలా

నా చిన్నప్పుడు సీతాఫల్‌మండిలో మా ఇంటికీ పక్కింటి వకీలు సాబు ఇంటికీ మధ్య ఉన్న గోడ నా గడ్డం దాకా కూడా వచ్చేది కాదు. అయినా ఆ గోడ మీదుగా ఒక్క మాట అటు నుంచి ఇటు దాటేది కాదు. మా కోడి అటు దూకిందంటే ఇక అది వాళ్లదే. వాళ్ల చీర గాలికి ఎగిరి మా వాకిట్లో పడితే, ఎండి, వానకు తడిసి, మళ్లీ ఎండేదాకా అక్కడే పడి ఉండేది. మా అమ్మమ్మ దాన్ని కట్టెతో కూడా కదిపేది కాదు. ఆమె అన్నిట్లో పొదుపు మనిషి. పగలో కూడా తిట్లు ఖర్చు పెట్టకుండా ఊరుకోవడంతోనే సరిపెట్టేది.

మా అమ్మ నన్ను కన్న కొన్నాళ్లకే పోయింది. నన్ను సాకింది అమ్మమ్మ, మేనమామ. మామ స్టేషను పక్కన మాల్‌గోదాము దగ్గర కరోడ్‌గిరి నాకాలో జవాను. కరోడ్‌గిరి అంటే నిజాం సర్కారు వారి సుంకం. రైల్లో దిగిన సరుకు నాకా దాటాలంటే సుంకం కట్టాలి, కట్టకపోతే సరుకు పట్టి లోపల వేయాలి. ఆ పని చేసేవాడిని ఊళ్లో ఎవరు ప్రేమిస్తారు? ఎదురుపడితే సలాం కొట్టేవాళ్లు, వెనక తిరిగితే పళ్లు కొరికేవాళ్లు. మామ కూడా సామాన్యుడు కాదు. నవ్వు మొహం పెట్టిన రోజు నాకు గుర్తు లేదు. చుట్టమనీ పక్కింటివాడనీ చూసేవాడు కాదు.

ఒకసారి వకీలు సాబు తన బిడ్డ పెళ్లికి బెజవాడ నుంచి బట్టల మూట తెప్పించుకున్నాడు. మామ నాకా దగ్గర ఆ మూట ఆపించి, హమాలీలందరి ముందు విప్పించి, ఒక్కొక్క గుడ్డా దులిపి చూసి, సుంకం కట్టించుకుని గాని వదల్లేదు. వకీలు సాబు పెద్ద పేరున్న మనిషి, ఫౌజ్‌దారీ కేసుల్లో, అంటే కొట్లాటలు, దొంగతనాలు, ఖూనీల కేసుల్లో ఆయన లేస్తే కోర్టు కచేరీ నిశ్శబ్దం అయ్యేదట. అటువంటి మనిషి బజారులో బిడ్డ పెళ్లి గుడ్డలు మడతపెట్టుకుంటూ నిలబడ్డాడు. గోడ మీద మాటలు ఆగిపోయింది ఆ రోజు నుంచే.

తర్వాత యూనియన్ పటాలం వచ్చింది. చదువుకున్నవాళ్లు దానిని పోలీసు యాక్షన్ అన్నారు. మా గల్లీలో మాత్రం పటాలం వచ్చిందనే అనేవాళ్లు. తలుపులు మూసుకుని కూర్చోవడం, హోటలు రేడియో చుట్టూ మగవాళ్లు గుమిగూడడం, ఆ తర్వాత ఒక్కసారిగా అందరి గొంతులూ లేవడం, ఇవే నాకు తెలిసినవి. నిన్న సలాం కొట్టినవాళ్లు ఇవాళ మామను చూసి ఉమ్మేశారు. మా గోడ మీద బొగ్గుతో ‘నిజాం కుక్క’ అని రాశారు. నీళ్లు దండగని అమ్మమ్మ నా చేత పొడిగుడ్డతో తుడిపించింది. సగమే పోయింది. మామ కొలువుకు పోవడం ఆగింది, జీతం ఆగింది.

నా చదువు కూడా అప్పుడే ఆగింది. మూడో తరగతి దాకా ఉర్దూ బడిలో చదివాను. “ఉర్దూ ఇగ నడవదంట, ఇంగ్రేజీ చదివిచ్చే తాకతు మనకు లేదు. కూసొని పొట్లాలు చెయ్” అంది అమ్మమ్మ. అంతే. రద్దీ కాయితం, అంటే పాత చిత్తు కాయితం, తూకం లెక్కన కొని, మైదా పిండి ఉడికించి, పురుగు పట్టకుండా దాంట్లో కాస్త మైలుతుత్తం కలిపి, మోకాలి మీద మడిచి పొట్లాలు అంటించేవాళ్లం. గల్లీ మూల కిరాణా కొట్టు సేటుకు వేసేవాళ్లం. ఆ ఏడు రద్దీ చవక. ఉర్దూ కాయితం ఎవరింట చూసినా కుప్పలే. రాజ్యం మారితే మొదట చవకయ్యేది కాయితమని అప్పుడే చూశాను.

ఒకనాడు ఇంటింటా పాత సామాను కొనే కబాడీవాడు ఎర్ర తోలు అట్టలు వేసిన లావుపాటి కితాబులు తెచ్చాడు. మంచి గట్టి కాయితం. అమ్మమ్మ లోలోపల సంబరపడి, పైకి మొహం మాడ్చి బేరం చేసింది. ఎవరింటివని మేము అడగలేదు, వాడు చెప్పలేదు. అట్టలు ఊడదీసి ఒకటి పొయ్యి విసురుకోవడానికి పెట్టుకుంది. మిగతా కాయితాలు నేను మడిచాను. మడుస్తూ పైన లావు అక్షరాలు కూడబలుక్కునేదాన్ని. చోరీ, డాకా, దగా, ఖూన్. పిల్లలు చదవదగ్గ మాటలు కావు గాని నాకు చదవడానికి ఇంకేం మిగల్లేదు.

అట్లాంటి రోజుల్లో మామ మీద కేసు పడింది. పటాలం రాకముందు ఒక బట్టల వ్యాపారి సుంకం ఎగ్గొట్టబోతే మామ అతని రెండు బేళ్లు పట్టి నాకాలో వేశాడు. ఆ వ్యాపారి ఇప్పుడు లేచాడు. మామ తనను కొట్టి బేళ్లు దోచుకున్నాడని, అది సుంకం కాదు, డాకా, అంటే దోపిడీ అని ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు వచ్చి మామను హవాలాతుకు, అంటే లాకప్పుకు, తీసుకుపోయారు. గల్లీ మొత్తం గుమ్మాల్లో నిలబడి చూసింది. ఒక్కరు అయ్యో అనలేదు. నేరం రుజువైతే ఏళ్లకు ఏళ్లు జైలే అన్నారు. అమ్మమ్మకు ఒక్కడే కొడుకు.

ఆమె నన్ను వెంటబెట్టుకుని సికింద్రాబాదులో తెలిసిన వకీళ్ల గడపలన్నీ ఎక్కింది. నిజాం నౌకరు కేసు పట్టుకుని ఈ గాలిలో ఎవరు చెడ్డ కావాలి? ఒకాయన నవ్వాడు, ఒకాయన తలుపే తీయలేదు. చివరకు అమ్మమ్మ చీర కొంగు నడుముకు చెక్కి, పక్కింటికి నడిచింది. గోడ దగ్గర పిలిస్తే సరిపోయేది. ఆమె మాత్రం వీధి చుట్టూ తిరిగి, ముందు గుమ్మంలోంచే పోయింది.

వకీలు సాబు పడక్కుర్చీలో ఉన్నాడు. కూర్చోమనలేదు.

“ఎవరూ, నాకా జవాను తల్లా? నా ఇంట్ల ఏం మూట విప్పుదామని వచ్చినవమ్మా?”

“కొడుకు హవాలాతుల ఉన్నడు. నీకెంత తిట్టబుద్ధయితే అంత తిట్టు వకీలు సాబూ. తిట్టినంక కేసు పట్టు.”

“నా బిడ్డ రైక గుడ్డలు హమాలీలు చూసిండ్రు. ఎరుకేనా నీకు?”

“ఎరుకే. సుంకం ముందుగాల్నే కట్టి తెచ్చుకుంటే ఎవ్వరూ చూడకపోదురు.”

ఇప్పుడు మెడ పట్టి గెంటుతాడనుకున్నాను. ఆయన మీసం ఒకసారి అదిరింది. అది కోపమో మరొకటో నాకు తెలియలేదు. కాసేపు పైకప్పు చూసి, మాతో కాదు, తనతో తానే మాట్లాడుకున్నట్టు మొదలుపెట్టాడు. ఆ దినం ఏ కానూను ఉండె? నిజాం కానూను. పట్టుమన్నది, పట్టిండు. ఇవాళ రాజ్యం మారింది గనుక నిన్నటి నౌకరీ డాకా అయిపోతుందా? కాదు. దీని మీద పెద్ద అదాలతు ఫైసలా ఉంది. ఎక్కడుందో ఆ ఎర్ర కితాబులో ఉంటుంది.

వకీళ్ల దగ్గర అట్లాంటి కితాబులు ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. అందులో కథ ఉండదు, పూర్తి కానూను కూడా ఉండదు. ఫలానా నేరం మీద ఫలానా అదాలతు, అంటే కోర్టు, ఏం తేల్చింది, అది ఏ సంపుటంలో ఏ పేజీలో దొరుకుతుంది, అంతే. తెలియని మొహల్లాలో పాన్‌డబ్బావాడు ఇల్లు చూపించినట్టు ఆ కితాబు ఫైసలాలకు, అంటే అదాలతు తీర్పులకు, దారి చూపిస్తుంది. అది లేకుండా పట్నం అదాలతు కుతుబ్‌ఖానాలో, అంటే గ్రంథాలయంలో, వేల కితాబుల ముందు నిలబడితే ఎంత పెద్ద వకీలైనా గుడ్డివాడే.

ఆయన లేచి అల్మారా తలుపు తీశాడు. లోపల కొత్త ఇంగ్లీషు పుస్తకాలు నాలుగు, పక్కన దుమ్ము గీతలు. అంతే. కొడుకును పిలిచి ఎర్ర కితాబులు ఏవని అడిగాడు. ఆయన కొడుకు కూడా కొత్తగా వకీలైనవాడు.

“చెల్లె ఇంటికి మీరు పోయినప్పుడు ఇల్లు సాఫ్ చేయించిన నాయనా. అన్నీ మురిగిపోయిన కానూన్లే గద, రద్దీకి ఇచ్చిన. ఇగ మొత్తం ఇంగ్లీషే నడుస్తది.”

వకీలు సాబు అరుపుకు వాళ్ల పెరట్లో ఆవు కూడా లేచి నిలబడింది. “గాడిద కొడకా! కానూను మురిగితే నేరం మురుగుతదారా? నిన్న చేసినదానికి నిన్నటి కానూనే చూడాలె! పాత కేసులన్నీ కచేరీల కూసొని ఉన్నయి, వాటిని నీ ఇంగ్లీషు కితాబు దేంతోటి తూస్తది?”

ఆ ఏడు చాలామంది వకీళ్లు అదే పని చేశారని ఆయనే చెప్పాడు. సర్కారు పోయింది, కానూను పోయిందనుకుని గంపలకెత్తారు.

అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెకు అక్షరం రాదు గాని రంగు తెలుసు. “అట్ట ఎర్ర తోలుదా?” అంది. ఆయన తిరిగి చూశాడు. “ఔ. నీకెట్ల ఎరుక?” “దాంతోని పొయ్యి ఇసురుకుంటున్న” అంది అమ్మమ్మ, తల దించకుండా.

ఇక ఆ ఇంట్లో లేచిన మాటలు నేను రాయను. ఆయన మమ్మల్ని అన్నాడు, కొడుకును అన్నాడు, కబాడీవాడి ఏడు తరాలను అన్నాడు. అమ్మమ్మ కూడా ఆ రోజు పొదుపు మర్చిపోయింది. తిట్టుకోవడం అయ్యాక చూస్తే, కేసు మా చేతిలో లేదు, ఆయన చేతిలో లేదు, కిరాణా కొట్లో మేకుకు వేలాడుతోంది.

కిరాణా సేటు కస్సుమన్నాడు. “అమ్మిన పొట్లాలు వాపసు అడుగుతవా ముసల్దానా? షరం ఉన్నదా నీకు?” అమ్మమ్మ ఒక పాత పొట్లానికి ఒక కొత్త పొట్లం లెక్కన పక్కన పెట్టి, కొట్టు ముందే కూర్చుని, నింపి ఉన్న జీలకర్ర, మిరియాలు, పటిక తన చేతులతో వొంచి కొత్తవాటిలో పోసింది. గింజ కింద పడలేదు. వచ్చేపోయేవాళ్లు నవ్వారు. దోపిడీదారు తల్లి పొట్లాలు ఏరుతున్నది చూడండి అన్నారు. ఆమె చెవిటిదానిలా పని చేసుకుపోయింది.

ఇంటికి తెచ్చాక మళ్లీ గొడవ. మా గడప తొక్కనన్నాడు వకీలు సాబు. ఇంకోసారి ఆయన గడప ఎక్కనంది అమ్మమ్మ. చివరికి గోడకు అటు ఆయన కుర్చీ వేసుకున్నాడు. ఇటు అమ్మమ్మ నీళ్లు మరిగించి ఆవిరి మీద పొట్లాలు పట్టి అతుకులు ఊడదీసింది. మధ్యలో గోడ మీద నేను. ఉర్దూ అక్షరం వచ్చినది మా ఇంట్లో నేనొక్కదాన్నే.

మొదట నేను మామ పేరు కోసం వెతికాను. ఆయన కసిరాడు. “పేర్లు చూడకు పిల్లా. పైన లావు అక్షరాల ‘ములాజిమ్ సర్కారీ’ అని ఉన్న కాయితాలు తీయ్. సర్కారు నౌకరు అన్నట్టు.”

“మా మామ మంచోడని ఏడ రాసి ఉంటది తాతా?” అని అడిగాను.

“ఏడ ఉండది. మీ మామ మంచోడని నేను సుత అంటలేను. కితాబు మనిషి మంచోడా చెడ్డోడా అని అడగది. ఏం చేసిండు, ఏ హుకుం మీద చేసిండు, గింతే అడుగుతది.”

చోరీలు పోయాయి, దగాలు పోయాయి, ఖూనీలు పోయాయి. ఎండ మా నడినెత్తికి వచ్చింది. అమ్మమ్మ వేళ్లు ఆవిరికి ఎర్రగా ఉబ్బాయి. జీలకర్ర వాసన వచ్చే ఒక పొట్లం విప్పితే దాని కడుపులో ఆ లావు అక్షరాలు కనిపించాయి. నేను గట్టిగా చదివాను. ఆయన కుర్చీలోంచి సగం లేచి కాయితం లాక్కున్నాడు. సంపుటం, పేజీ, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. హుకుం మేరకు సరుకు పట్టిన సర్కారు నౌకరు మీద డాకా నేరం నిలవదు అని మాకు తెలుగులో చెప్పాడు. అమ్మమ్మ మొదటిసారి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆయన అక్కడ ఆపలేదు. దాని కిందే ఇంకొకటి ఉంది. అదీ చదివాడు. అయితే ఆ నౌకరు మనిషి మీద చెయ్యి చేసుకున్నా, హుకుం దాటి ఏమి చేసినా, కానూను నీడ అతనికి లేదు, మామూలు దొంగకు పడే శిక్షే పడుతుంది.

అమ్మమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. “ఆ కింది ముక్క చింపెయ్” అంది.

“ఏమన్నవ్?”

“పై ముక్క మనకు పనికొచ్చేది. కింది ముక్క ఆ బట్టల సేటుకు పనికొచ్చేది. నా పైసలతోని కొన్న రద్దీ, నా పొట్లం. చింపెయ్. అందరూ కితాబులు అమ్ముకున్నరని నువ్వే అంటివి, ఎవలకు ఎరుకైతది?”

“నీ మనుమరాలికి ఎరుకైంది గద” అన్నాడు ఆయన. “ఇప్పుడే చదివింది. రేపటి సంది దానికి నువ్వు ఏం నేర్పుతవ్?”

అమ్మమ్మ చెయ్యి గోడ మీదికి చాచే ఉంది. ఆయన కాయితం ఇవ్వలేదు. గొంతు మాత్రం తగ్గింది. “ముక్క చింపితే కేసు నాకొద్దు. రెండూ చదువుతా, లేకుంటే ఒక్కటి సుత చదవ. నిజం చెప్పు, నీ కొడుకు వాణ్ణి కొట్టిండా?”

“కొట్టలే.”

“తల్లివి. నువ్వట్లనే అంటవ్.” మొహం అటు తిప్పుకుని మళ్లీ అన్నాడు. “నన్ను సుత ముట్టలే. ఒక్క తప్పు మాట అనలే. వకీలు సాబ్, వకీలు సాబ్ అనుకుంటనే మూట విప్పించిండు, బద్మాష్. ఎదురు తిట్టనీకి జెర సందు సుత ఇయ్యలే. గందుకే ఇంత మండుతది నాకు.”

కచేరీ రోజు నన్నూ తీసుకుపోయారు. అవతలి వకీలు జీలకర్ర కాయితం చూసి ముక్కు మూసుకున్నాడు. “కానూను తెచ్చిండ్రా, పోపు సామాను తెచ్చిండ్రా?” అంటే అందరూ పగలబడి నవ్వారు. వకీలు సాబు నవ్వలేదు. కాయితాన్ని సాక్ష్యంగా ఇవ్వడం లేదని చెప్పి, దాంట్లో నంబరు ఉన్న సంపుటం పట్నం నుంచి తెప్పించమని మేజిస్ట్రేటును అడిగాడు. వాయిదా పడింది, సంపుటం వచ్చింది. ఆయన మొదటి ఫైసలా చదివాడు. ఊపిరి పీల్చుకుని రెండోదీ చదివాడు. అవతలి వకీలు మొహంలో నవ్వు పోయింది, అతను దాచుకున్న అస్త్రం అదే అయి ఉండాలి. అప్పుడు ఆ రోజు బేళ్లు మోసిన హమాలీని పిలిచారు. హమాలీకి కూడా మామ అంటే పడదు. “ఈ జవాను మొహం చూస్తే మాకు దినం బాగుండది సర్కార్. గాని సేటు మీద చెయ్యి ఎయ్యలే. ఎయ్యలేదంటే ఎయ్యలే” అన్నాడు. ఇంకా ఇద్దరు అదే చెప్పారు.

మామను విడిచిపెట్టారు. కచేరీ మెట్ల కింద మామ వంగి వకీలు సాబు కాళ్లు పట్టుకోబోయాడు. మామ ఎవరికైనా వంగడం నేను చూడడం అదే మొదలు. వకీలు సాబు కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

“లే. నిన్ను మాఫ్ చేసిన అనుకోకు. జైలు తప్పించిన, గంతే. అది కానూను పని, మాఫ్ చేసుడు నా పని. నా పని నేను చెయ్య.”

టాంగా ఎక్కి ఆయన ఒక్కడే వెళ్లిపోయాడు. మేము నడిచి వచ్చాం. అమ్మమ్మ ఇంటికి వచ్చి ఎర్ర అట్టను బూడిద దులిపి గోడ మీద పెట్టింది. ఎవరో తీసుకున్నారు. మాటలు మాత్రం మళ్లీ మొదలు కాలేదు. ఆయన పోయినప్పుడు మామ పాడె మోయబోతే వాళ్లు వద్దన్నారు. దూరంగా వెనక నడిచాడు.

ఆ కాలం కథల్లో అందరూ చివరికి కలిసిపోతారు. అట్లాంటివి నేను నమ్మను. మనుషులు కలవకపోయినా నడుస్తుంది, తూకం సరిగా ఉంటే చాలు. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు, నిజమే. పెట్టుకున్న కోపం పారేయడం నాకు చేతకాదు. కాని దాన్ని తక్కెడలో వేయకూడదని ఆ గోడ మీద కూర్చున్న రోజు నేర్చుకున్నాను. పనికొచ్చే ముక్క చదివి పనికిరాని ముక్క చింపకూడదని కూడా.

ఇప్పుడు నేను అల్వాల్‌లో మా అబ్బాయి ఫ్లాటులో ఉంటున్నాను. కింది అంతస్తు ఆవిడకూ నాకూ ఏళ్లుగా మాటల్లేవు. కారణం చెప్తే మీరు ఆమెనే తప్పంటారు, అందుకే చెప్పను. మొన్న ఒక పొద్దున ఎవరిదో గొలుసు పోతే మీటింగు పెట్టి అందరూ ఆమె వైపే చూశారు. నేను లేచి నిలబడి, ఆ పొద్దున ఆమె నాతోపాటు డాక్టరు దగ్గర వరుసలో ఉందని చెప్పాను. నా పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా గంటసేపు నిలబడే ఉందని, అంత పొగరుబోతు మనిషని, గొలుసు మాత్రం ఆమె తీయలేదని చెప్పాను. మరుసటి రోజు ఆమె గిన్నె నిండా సేమ్యా పాయసం పట్టుకుని మా తలుపు కొట్టింది. తిండి దండగ చేయడం నాకు గిట్టదు. మనవడిని పంపి తీయించుకుని, తిని, గిన్నె తోమి వాడి చేతే కిందికి పంపాను. మాట మాత్రం కలపలేదు.